వెబ్‌సైటు ఎవరి పేరున?

చిన్న వ్యాపారం మొదలుపెట్టే స్త్రీలకు సలహాలు చెప్పేవాళ్ళకు ఇప్పుడు కొదవ లేదు. బ్యాంకులు చెబుతున్నాయి. ప్రభుత్వ శాఖలు శిక్షణా శిబిరాలు పెట్టి మరీ చెబుతున్నాయి. స్వచ్ఛంద సంస్థలు చెబుతున్నాయి. పక్కింటి ఇంజనీరింగు కుర్రాడు కూడా చెబుతున్నాడు. 'వెబ్‌సైటు పెట్టుకోండి, ప్రపంచమే మీ గుమ్మంలోకి వస్తుంది' అన్నది వీళ్ళందరూ ఏకకంఠంతో చెప్పే మాట. అక్కడినుంచి మొదటి పేజీ ఏ రంగులో వుండాలి, లోగో గుండ్రంగా వుండాలా పలకగా వుండాలా, ఫోటోలు ఎన్ని పెట్టాలి అన్న చర్చ మొదలవుతుంది. ఇలాంటి శిబిరాలు నేను అర డజను దాకా చూశాను. ఆ వెబ్‌సైటు ఎవరి పేరు మీద వుంటుంది అన్న ప్రశ్న ఒక్క చోట కూడా వినపడలేదు.

పొలం పట్టా ఎవరి పేరున వుందని అడగడం స్త్రీల ఉద్యమాలు మనకు నేర్పాయి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. చట్టం వచ్చినా పట్టా మీద పేరు ఎక్కించుకోవడానికి ఎన్ని పెనుగులాటలు జరుగుతున్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పాత ఆస్తి విషయంలో ఇంత చైతన్యం వున్న మనం, కళ్ళముందే పుడుతున్న కొత్త ఆస్తి విషయంలో మాత్రం అది ఆస్తి అని కూడా గుర్తించడం లేదు. మనం గుర్తించేలోపు దాని మీద ఇంకెవరి పేరో పడిపోతోంది. అది కూడా కుట్రపూరితంగా కాదు, సహాయం రూపంలో, ప్రేమగా.

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే అయిదుగురు స్త్రీలు ఏజెంటుకు ఇవ్వడం మానుకుని తామే అమ్ముకోవాలని నిర్ణయించుకున్నారు. వెబ్‌సైటు ఎలా వుండాలో ఆలోచించడానికి కూర్చుంటున్నాం, మీరూ రండి అని పిలిస్తే రెండు రోజులు వాళ్ళతో గడిపాను. వాళ్ళ ప్రణాళికను మన పాఠకుల ముందు పెట్టాలనుకోవడానికి కారణం వుంది. స్త్రీల శ్రమ గురించి ఆలోచించే వాళ్ళకు నరసాపురం కొత్త పేరు కాదు. 1970ల చివర జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అన్న పుస్తకం ప్రచురించారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ అల్లిక, విదేశీ మార్కెట్‌కు వెళ్ళే పెద్ద పరిశ్రమ అయింది. అల్లేది స్త్రీలు. ఏజెంట్లూ, వ్యాపారులూ, ఎగుమతిదారులూ ప్రధానంగా పురుషులు. రోజుకు గంటల తరబడి అల్లుతున్నా ఆ స్త్రీలు కార్మికులుగా లెక్కలోకి రారు. 'గృహిణులు ఖాళీ సమయంలో చేసుకునే పని' అన్న ఒక్క మాటతో వాళ్ళ కూలి అడుగంటిపోయిందని మీస్ చూపించారు. స్త్రీని గృహిణిగా నిర్వచించడమే ఆ పరిశ్రమ లాభాలకు పునాది అన్నది ఆమె వాదన సారాంశం. మీస్ 2023లో మరణించారు. ఆమె రాసిన ఆ నిర్వచనం మాత్రం ఇంకా బతికే వుంది, ఇప్పుడు కంప్యూటరులోకి కూడా ఎక్కుతోంది.

ఎలా ఎక్కుతుందో చెబుతాను. వెబ్‌సైటు పెట్టాలంటే ముందు పూరించవలసిన దరఖాస్తులు కొన్ని వుంటాయి. వ్యాపారం పేరు, యజమాని పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, పాన్ నంబరు, బ్యాంకు ఖాతా. మేం ఒక్కో ఖాళీ దగ్గరికి వచ్చేసరికి దానికి ఒక మగ పేరు సిద్ధంగా వుంది. ఈమెయిలు ఒకామె కొడుకుది. ఫోను నంబరు ఇంకొకామె భర్తది. డబ్బు పడే ఖాతా మరిది పేరున వుంది, ఎందుకంటే స్కాన్ చేసి డబ్బు కట్టే బొమ్మ ఆయన కిరాణా కొట్లో ఎలాగూ వుంది. 'మా అబ్బాయి పేరు రాసెయ్యండి మేడమ్‌గారూ, ఆడికి అన్నీ తెలుసు' అంది వాళ్ళలో పెద్దామె. నలభై ఏళ్ళుగా లేసు అల్లుతున్న మనిషి ఆమె. ఆ అబ్బాయికి సూది పట్టుకోవడం కూడా రాదు.

ఇక్కడ సాంకేతిక విషయం కాస్త చెప్పుకోవాలి. వెబ్‌సైటు అనేది ఒక్క వస్తువు కాదు. ఇంటితో పోల్చుకుంటే స్థలం, కట్టడం, గల్లాపెట్టె అని మూడు వేరువేరు భాగాలు. స్థలం అంటే దాని చిరునామా. దీన్ని డొమైన్ పేరు అంటారు. దీన్ని శాశ్వతంగా కొనుక్కోవడం వుండదు, ఏడాదికి ఇంత అని రుసుము కట్టి వుంచుకోవాలి. ఒకేసారి పదేళ్ళ దాకా కట్టవచ్చు. '.ఇన్'తో ముగిసే పేర్ల వ్యవస్థను నిక్సి అనే జాతీయ సంస్థ నిర్వహిస్తుంది, మనం మాత్రం రిజిస్ట్రార్లు అనే కంపెనీల దగ్గర తీసుకుంటాం. తెలుగు లిపిలోనే '.భారత్' అని ముగిసే చిరునామా కూడా దొరుకుతుంది. నమోదు పత్రంలో ఎవరి పేరు వుంటే వాళ్ళే హక్కుదారు. గడువు ముగుస్తోందన్న హెచ్చరిక వచ్చేదీ, మరో కంపెనీకి మార్చుకోవడానికి కావలసిన రహస్య సంకేతం వచ్చేదీ అక్కడ ఇచ్చిన ఈమెయిలుకే. గడువు దాటి, ఆ తర్వాత ఇచ్చే వ్యవధి కూడా దాటిపోతే ఆ పేరును ఎవరైనా తీసుకోవచ్చు. కట్టడం అంటే పేజీలూ ఫోటోలూ దాచివుండే చోటు. దానికి వేరే ఖాతా, వేరే పాస్‌వర్డు. గల్లాపెట్టె అంటే కొన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని మన బ్యాంకు ఖాతాలో వేసే కంపెనీతో ఒప్పందం. అది ఎవరి పాన్, ఎవరి ఖాతా ఇస్తే వాళ్ళతోనే కుదురుతుంది.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా తన పేరున లేని స్త్రీ తన వ్యాపారంలోనే కూలి మనిషి. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళకు ఒక విషయం చెప్పాలి. హైదరాబాదులో నాకు తెలిసిన ఒకామె ఇంట్లో చీరలు పెట్టుకుని ఆరేళ్ళు అమ్మింది. సైటు భర్త చేసిపెట్టాడు. విడిపోయినప్పుడు ఇల్లు ఎవరిది, బంగారం ఎవరిది, పిల్ల ఎవరి దగ్గర అన్న విషయాల మీద లాయర్లు వాదించుకున్నారు. సైటు సంగతి ఎవరూ ఎత్తలేదు. పేరూ, ఫోను నంబరూ, ఆరేళ్ళుగా కొన్నవాళ్ళ చిరునామాల జాబితా అన్నీ అతని దగ్గరే వుండిపోయాయి. ఆమె దగ్గర మిగిలింది అమ్ముడుపోని చీరలు. ఇప్పుడు ఇంకో పేరుతో మొదటినుంచీ మొదలుపెట్టింది. అతను ఆ పాత పేరుతోనే చీరలు అమ్ముతున్నాడు.

'వాళ్ళకు ఇంటర్నెట్ తెలియదు కదా, మరి మగవాళ్ళు కాక ఎవరు చేస్తారు' అని అడుగుతారు. తెలియదన్న మాట నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, వాడకం పెరిగింది, అయినా ఇంట్లో ఒక్క మంచి ఫోను వుంటే అది ఎవరి జేబులో వుంటుందో మనకు తెలుసు. కానీ తెలియకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. మోటారు విప్పి బాగుచెయ్యడం రాని రైతు ఆ బోరుకు యజమాని కాకుండా పోతున్నాడా? కారు నడపడం రాని షావుకారు కారును డ్రైవరు పేరున రాసిస్తున్నాడా? చేసిపెట్టినందుకు కుర్రాడికి డబ్బు ఇవ్వండి, బిల్లు తీసుకోండి అని వాళ్ళతో అన్నాను. డబ్బు ఇస్తే అది పని అవుతుంది. ఇవ్వకపోతే ఉపకారం అవుతుంది, ఉపకారానికి గడువు తేదీ వుండదు.

యజమాని పేరు అన్న ఖాళీలో అయిదు పేర్లు పట్టవు. అందుకే మొదట వ్యాపారానికి ఒక రూపం కావాలి. వీళ్ళు 1932 భాగస్వామ్య చట్టం కింద భాగస్వామ్య సంస్థ పెట్టుకుంటున్నారు. ఈ సంస్థను నమోదు చెయ్యడం తప్పనిసరి కాదని ఆడిటరు చెబుతాడు, అది నిజమే. కానీ నమోదు కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివాళ్ళ మీద దావా వెయ్యలేదు, ఆ మాట మాత్రం అడిగితేగానీ చెప్పడు. నమోదు చేయించుకుంటే సంస్థ పేరున పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, డొమైన్ అన్నీ ఒకే పేరున వుంటాయి. సభ్యులు పెరిగితే 1995లో మన దగ్గర వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వుంది. పొదుపు సంఘాల స్త్రీలకు ఆ చట్టం బాగా పరిచితమే.

పన్నుల సంగతి తొందరగా చెప్పేస్తాను. సొంత సైటులో అమ్మేవాళ్ళు అమ్మకం మొత్తాన్నే కాదు, సరుకు ఏ రాష్ట్రానికి వెళ్తుందో కూడా చూసుకోవాలి. పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా మామూలుగా జి.ఎస్.టి. నమోదు తప్పదు. గుంటూరులో పచ్చళ్ళు పెట్టే స్త్రీ హైదరాబాదులో కూతురి స్నేహితురాలికి జాడీ అమ్మినా, 2014 జూన్ తర్వాత అది అంతర్‌రాష్ట్ర వ్యాపారమే. హస్తకళల వస్తువులు కొన్నింటికి పరిమితికి లోబడి ఇందులో మినహాయింపు వుంది. లేసు అల్లేవాళ్ళు ఆ జాబితా చూపించమని ఆడిటరును పట్టుబట్టి అడగాలి.

ఇక 'మా గురించి' అన్న పేజీ. మా రెండు రోజుల్లో ఒక పూట పూర్తిగా దీనికే పోయింది. ఎగుమతిదారుల సైట్లు కొన్ని తెరిచి చూశాం. అన్నింటిలోనూ ఒక వృద్ధురాలు వంగి అల్లుతూ వుంటుంది, వెలుతురు కిటికీలోంచి చక్కగా పడుతూ వుంటుంది, కింద స్త్రీల సాధికారత గురించి రెండు వాక్యాలు వుంటాయి. ఆ వృద్ధురాలి పేరు వుండదు. ఆమె చేతిలో వున్న ముక్క ధర పక్క పేజీలో డాలర్లలో వుంటుంది, అందులో ఆమెకు ఎంత వచ్చిందో ఎక్కడా వుండదు. ఒక ఫోటో చూసి మాలో ఒకామె గుర్తుపట్టింది, అది వాళ్ళ మేనత్త. ఆ ఫోటో సంగతి మేనత్తకు తెలియదు. పేదరికాన్ని అలంకారంగా వాడుకునే ఈ పద్ధతిని మన సొంత సైటులో మనమే అనుకరించడం దారుణంగా వుంటుంది. చివరికి వాళ్ళు రాసుకున్నది ఇది: అయిదుగురి పేర్లు, ఎవరు ఎన్నేళ్ళనుంచి అల్లుతున్నారు, ఎవరిది ఏ నమూనా. ముఖం ఫోటో ఇష్టమైనవాళ్ళదే పెడతారు. ఇద్దరు వద్దన్నారు, ఎందుకని ఎవరూ అడగలేదు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తును సైటులో పెట్టుకుందాం అని వాళ్ళు సంబరపడ్డారు. అయితే 1999 భౌగోళిక సూచికల చట్టం ప్రకారం ఆ గుర్తు వాడుకునే హక్కు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదైన వాళ్ళకు వుంటుంది. ఆ నమోదుకు ఉత్పత్తిదారు అయివుండాలి. ఉత్పత్తిదారు అంటే ఎవరు? హస్తకళల విషయంలో, తయారుచేసేవాళ్ళతోపాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్ళను కూడా ఆ చట్టం ఉత్పత్తిదారులుగానే నిర్వచించింది. అంటే అల్లినామె, ఆమె దగ్గర కొని ఎగుమతి చేసినాయన చట్టం దృష్టిలో ఒక్కటే. కాగితాలు తెలిసినవాడూ, ఆఫీసులకు తిరగగలిగినవాడూ ముందు నమోదు చేయించుకుంటాడు. అల్లే స్త్రీ తన వూరి పేరు తన లేసు మీద రాసుకోవడానికి దరఖాస్తు పెట్టుకుని నిరూపించుకోవాలి. అందుకని వీళ్ళ ప్రణాళికలో ఫోటోలకంటే ముందు ఆ దరఖాస్తు పని చేరింది.

భాష గురించి కూడా గట్టి వాదనే జరిగింది. కొనేవాళ్ళు బొంబాయిలోనో బెంగుళూరులోనో విదేశాల్లోనో వుంటారు కాబట్టి సైటు ఇంగ్లీషులో వుండాలి, అందులో అభిప్రాయభేదం లేదు. కానీ ఇంగ్లీషు ఒక్కటే వుంటే తమ దుకాణం బోర్డు తామే చదువుకోలేని యజమానులు తయారవుతారు. ధర మారిందా, తమ గురించి ఏం రాశారు, వాపసు నియమం ఏమిటి అన్నది తెలుసుకోవడానికి మళ్ళీ ఆ అబ్బాయినే పిలవాలి. ప్రతి పేజీ తెలుగులోనూ వుండాలి అని తీర్మానించారు. దానివల్ల ఖర్చు పెరుగుతుందని సైటు చేసే కుర్రాడు అన్నాడు. పెరగనివ్వు బాబూ, పేజీలు తగ్గించు అంది పెద్దామె. అలా పది పేజీలనుకున్న సైటు నాలుగు పేజీలకు దిగింది: ఏం అల్లుతాం, ఎవరం, ధరలూ కొలతలూ, కొనడం వాపసివ్వడం ఎలా. నా ఉద్దేశంలో కొత్త వ్యాపారానికి అంతకన్నా అక్కరలేదు కూడా.

చిరునామా దగ్గర మాత్రం తేలికగా తేలలేదు. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు 2020లో వచ్చాయి. వాటి ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన పేరు, భౌతిక చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజెయ్యాలి, నెలలోగా పరిష్కరించాలి. కొనేవాళ్ళ పక్షాన చూస్తే ఇది న్యాయమైన నియమం, నేనూ కొనుగోలుదారునే. కానీ ఇంట్లోనే అల్లుకుని ఇంట్లోంచే అమ్మే స్త్రీకి భౌతిక చిరునామా అంటే ఆమె పడుకునే ఇల్లు. ఫోను నంబరు బయట పడితే రాత్రి పదకొండింటికి 'మేడమ్, లేసు వుందా' అంటూ మొదలై ఎక్కడికో పోయే మాటలు ఎలా వుంటాయో ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి స్త్రీకీ తెలుసు. అప్పుడు ఇంట్లోవాళ్ళు చేసే మొదటి పని ఫోను లాక్కోవడం. రెండో పని వ్యాపారం మానిపించడం. నియమాలు రాసినవాళ్ళ మనసులో వున్నది షట్టరు వేసుకుని ఇంటికి వెళ్ళే వ్యాపారి. ఇల్లే దుకాణమైన మనిషి వాళ్ళ వూహకు అందలేదు. వీళ్ళు ప్రస్తుతానికి అయిదుగురూ కలిసి చిన్న గది ఒకటి అద్దెకు తీసుకుంటున్నారు. సైటులో ఆ గది చిరునామా వుంటుంది. సంస్థ పేరున వేరే సిమ్ వుంటుంది, ఆ ఫోను గదిలోనే వుండిపోతుంది. పొద్దున పదినుంచి సాయంత్రం అయిదు దాకానే జవాబు చెబుతామని సైటులో రాస్తారు. అయిదుగురు కనుక అద్దె భరించగలుగుతున్నారు. ఒంటరిగా మొదలుపెట్టే స్త్రీ ఏం చెయ్యాలి? సంఘ భవనాల చిరునామాను ఇలాంటి స్త్రీలు వాడుకునే ఏర్పాటు పంచాయతీలూ మునిసిపాలిటీలూ చెయ్యాలని మనం డిమాండు చెయ్యాలి.

ధరల పేజీ రాయడానికి కూర్చున్నప్పుడు, ఒక బల్లగుడ్డ అల్లడానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అన్నం వుడికేలోపు కాస్త, పిల్ల బడినుంచి వచ్చేలోపు కాస్త, టీవీ చూస్తూ కాస్త. ఏజెంటు ముక్కకు ఇంత అని ఇచ్చాడు కాబట్టి గంటలు లెక్కపెట్టే అవసరమే వాళ్ళకు ఎన్నడూ రాలేదు. నలభై ఏళ్ళ కిందట మీస్ రాసిన 'ఖాళీ సమయం' అంటే ఇదే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంత పని మధ్య ఖాళీ ఎక్కడినుంచి వస్తుంది? నిద్రలోంచి వస్తుంది. వారం రోజులు సూది పట్టినప్పుడూ దించినప్పుడూ గడియారం చూసి రాసుకోమన్నాను. వాళ్ళు రెండు రోజులనుకున్న ముక్క గంటలన్నీ కూడితే నాలుగు పనిదినాలు తేలింది. సైటులో పెట్టే ధర ఇప్పుడు ఆ లెక్కతో తయారవుతోంది. దారం ఖరీదు, గది అద్దె, పోస్టు, డబ్బు తీసిచ్చే కంపెనీ కమీషను, వాపసు వచ్చే ముక్కల నష్టం దానికి కలుస్తాయి. మరొక పద్దు కూడా కలవాలని నేను గట్టిగా చెప్పాను. గదిలో కూర్చుని ఫోను ఎత్తడం, పార్సిలు కట్టడం, కొన్నవాళ్ళ ప్రశ్నలకు జవాబులు రాయడం కూడా పనే, దానికీ గంటకు ఇంత అని రాయాలి. లేకపోతే ఏజెంటు కింద రెండు పూటల పని చేసిన స్త్రీ సొంత సైటు కింద మూడు పూటల పని చేస్తుంది.

రెండో రోజు సాయంత్రానికి ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు, తెలుగులో, పేజీన్నర. డొమైన్ సంస్థ పేరునే వుండాలి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి కవరులో అంటించి ఇద్దరి దగ్గర వుంచాలి. సంస్థ ఈమెయిలు వేరే తెరవాలి. కొన్నవాళ్ళ పేర్లూ చిరునామాలూ సంస్థవి, ఎవరూ సొంతానికి వాడుకోకూడదు. ఎవరైనా విడిపోతే ఆమె నమూనాలు ఆమె తీసుకుపోవచ్చు, సైటు పేరు మిగిలినవాళ్ళకు వుంటుంది. సైటు చేసిన కుర్రాడు డబ్బు ముట్టిన రోజున అన్ని ఖాతాలూ అప్పగించి సంతకం పెట్టాలి. ఈ చివరి షరతు చదివినప్పుడు ఆ కుర్రాడు నొచ్చుకున్నాడు, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి సంతకం పెట్టాడట.

భాగస్వాముల్లో నలుగురు సంతకాలు చేశారు. అయిదో ఆమె ఇంట్లో అడిగి చెబుతానంది. రాస్తున్న నాటికి ఆమె జవాబు రాలేదు, ఆమె లేకుండా మొదలుపెట్టేది లేదని మిగిలినవాళ్ళు అంటున్నారు.

ఆ ఒప్పంద పత్రాన్ని, పేర్లు తీసేసి, వాళ్ళ అనుమతితో వచ్చే సంచికలో అచ్చు వేస్తున్నాం. ఇప్పటికే సైట్లు నడుపుతున్న పాఠకులు తమ డొమైన్ ఎవరి పేరున వుందో, డబ్బు ఏ ఖాతాలో పడుతోందో ఒకసారి చూసి మాకు రాయండి. పేరు మార్పించుకోవడానికి ప్రయత్నించినవాళ్ళు ఏ కాగితాలు అడిగారో, ఇంట్లో ఏమన్నారో కూడా రాయండి. వాటిని బట్టి ఆ నమూనా పత్రంలో మార్పులు చేస్తాం.